గజ్జలో కొట్టుకునే గడ్డ: నొక్కి మూసిన చిల్లు కొన్నాళ్లయ్యాక ఎట్టుంటుంది?

నేను చెన్నైలో క్యాథ్ ల్యాబ్ (రక్తనాళంలోంచి ట్యూబు పంపి గుండెకి పరీక్షలు చేసే, స్టెంట్లు వేసే గది) టెక్నీషియన్‌ని, పన్నెండేళ్లయింది ఈ పనిలోకొచ్చి. మా వార్డులో ఏ రోజు చూసినా సగం మంది మనవాళ్లే ఉంటారు, నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట, చిత్తూరు వైపు నుంచి వచ్చినోళ్లు, పినాకిని ఎక్కి సెంట్రల్లో దిగి, పెరియమేట్‌లోనో గ్రీమ్స్ రోడ్డు సందుల్లోనో ఒక రూమ్ తీసుకుని, ఫైల్ చంకలో పెట్టుకుని వచ్చేస్తారు. గుండెకి స్టెంట్ వేశారు, అంతా బాగుంది, రెండో రోజు పొద్దున స్నానం చేస్తుంటే గజ్జల్లో నిమ్మకాయంత గడ్డ చేతికి తగిలింది, అదీ ఊరికే లేదు, టక్ టక్ మని కొట్టుకుంటోంది. గూడూరు పక్క నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకెళ్లి దాని మీద పెట్టి "ఏం నాయనా, గుండె కిందికి జారిందా ఏంది, ఈడ కొట్టుకుంటా ఉంది" అన్నాడు. నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూసి ఆపుకున్నా.

దీన్నే డాక్టర్లు ఫెమోరల్ సూడో అన్యూరిజం అంటారు. సూడో అంటే నకిలీ అని. ఆ మాట వినగానే మన జనాలు రెండు రకాలుగా పొరబడతారు, ఒకరు "ఉత్తిదే అంట, ఏం కాదంట" అని ఇంటికెళ్లిపోతారు, ఇంకొకరు అన్యూరిజం అని గూగుల్లో కొట్టి మెదడులో నరం పగలడం గురించి చదివి రాత్రంతా నిద్రపోరు. రెండూ కాదు. అసలు అన్యూరిజం అంటే రక్తనాళం గోడే బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. ఇక్కడ గోడ ఉబ్బలేదు, గోడకి చిల్లు పడింది. రోడ్డు కింద మెట్రో వాటర్ పైపుకి చిన్న చిల్లు పడితే ఏమవుతుంది, నీళ్లు బయటికొచ్చి చుట్టూ మట్టిని తోసుకుని ఒక గుంట చేసుకుంటాయి, ఆ గుంటకి గోడ అంటూ ఉండదు, మట్టే గోడ. ఇదీ అంతే, కండ, కొవ్వు, కొంచెం గడ్డకట్టిన రక్తం, ఇవే దీని గోడ. పైపులో నీళ్లు ఆగవు కాబట్టి గుంటలో నీళ్లూ కదుల్తూనే ఉంటాయి. అందుకే కొట్టుకుంటుంది.

చిల్లు ఎక్కడిదంటే మేం పెట్టిందే. 1953లో సెల్డింగర్ అనే స్వీడన్ డాక్టరు సూది, వైరు, ట్యూబు అనే పద్ధతి కనిపెట్టాడు, ఇప్పటికీ అదే. తొడ మొదట్లో పెద్ద ధమనిలోకి సూది గుచ్చి, దాంట్లోంచి వైరు పంపి, వైరు మీదుగా షీత్ అనే ట్యూబు దించుతారు, మామూలుగా యాంజియోప్లాస్టీకి 6 ఫ్రెంచ్ సైజు, అంటే లోపలి వ్యాసం 2 మిల్లీమీటర్లు, బయట కొలత ఇంకొంచెం ఎక్కువ. పని అయ్యాక షీత్ లాగేసి ఆ చిల్లు మీద చేత్తో నొక్కి పట్టుకోవాలి, పదిహేను ఇరవై నిమిషాలు, కదలకుండా. ఇక్కడే ఉంది కిటుకు. సరైన చోట గుచ్చితే ధమని వెనకాల తొడ ఎముక తల ఉంటుంది, పైనుంచి నొక్కితే ధమని ఆ ఎముకకి ఆనుకుంటుంది, గట్టిగా మూసుకుంటుంది. కొంచెం కిందికి గుచ్చితే వెనక ఎముక లేదు, మెత్తటి కండ, ఎంత నొక్కినా పరుపు మీద పైపుని నొక్కినట్టే. సూడో అన్యూరిజాలు చాలావరకు ఇలా కింద పడిన గుచ్చుళ్ల నుంచే వస్తాయి. లావుగా ఉన్నవాళ్లలో, బీపీ ఎక్కువున్నవాళ్లలో, ఆడవాళ్లలో, డయాలిసిస్ మీదున్నవాళ్లలో, పెద్ద షీత్ వేసినవాళ్లలో, రక్తం పల్చబడే మందులు గట్టిగా వాడేవాళ్లలో ఇంకా ఎక్కువ.

ఇక టెక్నీషియన్ తప్పు కూడా ఉంటుంది, దాచడమెందుకు. నేను కొత్తలో వేరే ఆసుపత్రిలో చేసేటప్పుడు ఒక మధ్యాహ్నం బయట మూడు కేసులు వెయిటింగు, లోపల ఒకామె, సన్నగా ఉంటుంది, బీపీ 170, షీత్ తీసి నొక్కుతున్నా, ఎనిమిది నిమిషాలకి రక్తం రావట్లేదు కదా అని ప్లాస్టర్ వేసేశా. మర్నాడు పొద్దున ఆమెకి గడ్డ. ఎవరూ నన్నేం అనలేదు, రిపోర్టులో నా పేరూ లేదు, కానీ ఆ రోజు నుంచీ గోడ గడియారం వైపు తిరిగి నిలబడే నొక్కుతా.

ఎంతమందికి వస్తుంది అంటే, లెక్క కావాలంటే రైవల్ అని 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద స్టడీ ఉంది, గుండెకి చేతి మణికట్టు నుంచి వెళ్లడం మేలా తొడ నుంచి మేలా అని. తొడ నుంచి చేసిన 3514 మందిలో 23 మందికి మూయాల్సినంత సూడో అన్యూరిజం వచ్చింది, మణికట్టు వైపు 3507 మందిలో 7 మందికి. అంటే తొడవైపు నూటికి ఒకరి కన్నా తక్కువే, కాకపోతే అందరికీ స్కాన్ చేస్తూ వెతికితే చిన్నాచితకా ఇంకా ఎక్కువ బయటపడతాయి. మణికట్టు పద్ధతి వచ్చాక ఇది తగ్గింది నిజమే, కానీ పూర్తిగా పోదు, ఎందుకంటే వాల్వు మార్చే పనులకీ, గుండెకి సాయంగా పెట్టే బెలూన్ పంపుకీ, పొట్టలో పెద్ద ధమనికి గొట్టం వేసే పనులకీ పెద్ద షీతులే కావాలి, అవి మణికట్టులో పట్టవు.

ఇప్పుడు డాప్లర్ రూముకి, అంటే రక్తం పారేది రంగుల్లో చూపించే అల్ట్రాసౌండ్ గదికి వెళ్దాం, నాకు బాగా ఇష్టమైన జాగా. లైట్లు ఆర్పేస్తారు, గజ్జ మీద జెల్ వేసి ప్రోబ్, అంటే చేత్తో పట్టుకునే స్కాన్ పరికరం, ఆనిస్తారు, స్క్రీన్ మీద ధమని ఒక గుండ్రం, దాని పక్కనే ఒక నల్ల సంచి. కలర్ ఆన్ చేయగానే ఆ సంచిలో సగం ఎరుపు, సగం నీలం, రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటూ గుండ్రంగా తిరుగుతుంటాయి. రక్తం ఒక పక్కగా లోపలికొచ్చి సుడి తిరిగి ఇంకో పక్కగా వెనక్కి మళ్లుతోందని దానర్థం. ఆ సంచికీ ధమనికీ మధ్య ఒక సన్నటి దారి ఉంటుంది, దాన్ని నెక్ అంటారు, మన భాషలో చెప్పాలంటే మెడ. మెడ మీద గీత పెట్టి సౌండ్ పెడితే గుండె కొట్టినప్పుడు లోపలికి "హుష్", గుండె సేద తీరినప్పుడు వెనక్కి "హుష్", అటూ ఇటూ. ఈ సౌండ్ ఒక్కసారి విన్నవాడు మళ్లీ మర్చిపోడు. వైద్యం మొత్తం ఈ మెడ చుట్టూనే తిరుగుతుంది. మెడ మూసుకుంటే సంచిలో రక్తం నిలబడుతుంది, నిలబడ్డ రక్తం గడ్డకడుతుంది, కథ అయిపోతుంది.

1991 దాకా దీనికి పెద్ద దిక్కు ఆపరేషనే. గజ్జ కోసి, ధమని బయటపెట్టి, చిల్లుకి కుట్టు వేసేవాళ్లు. ఆ ఏడాది ఫెల్‌మెత్, ఆయన తోటి డాక్టర్లు రేడియాలజీ అనే జర్నల్లో రాశారు, ప్రోబ్‌తోనే మెడ ఎక్కడుందో చూసుకుంటూ ఆ ప్రోబ్‌తోనే నొక్కితే చాలు అని. సూది లేదు, కత్తి లేదు. చూపించే సామానే నొక్కే సామాను. పని చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది, చేయాలంటే కాదు. మెడ మీద ప్రోబ్ పెట్టి, స్క్రీన్ మీద సంచిలో రంగులు ఆగిపోయేదాకా నొక్కాలి, కానీ పక్కన ధమనిలో రంగు మాత్రం ఆగకూడదు, కాలికి రక్తం వెళ్తూనే ఉండాలి. ఈ రెంటి మధ్యా తేడా కొన్ని మిల్లీమీటర్లే. పది నిమిషాలు నొక్కి, నెమ్మదిగా వదిలి చూడాలి, ఇంకా రంగు తిరుగుతుంటే ఇంకో పది నిమిషాలు. కొందరికి అరగంటలో అయిపోతుంది, కొందరికి గంట దాటుతుంది. పేషెంటుకి నొప్పి, ముందే నొప్పి ఇంజెక్షన్ వేస్తారు, అయినా పళ్లు కొరుకుతారు, కొందరికి బీపీ పడిపోయి చెమటలు పడతాయి. నొక్కే డాక్టరు మణికట్టు వణుకుతుంటుంది. మా డాక్టరమ్మ తమిళామె, ప్రతిసారీ ఒకటే మాట, "ఇన్నుం అంజు నిమిషం, అయ్యా", ఇంకో ఐదు నిమిషాలే అని. ఆమె ఐదు నిమిషాలు ఏనాడూ ఐదు నిమిషాలు కాదని మా అందరికీ తెలుసు.

నొక్కకుండా ఊరికే చూస్తూ ఉండటం కూడా ఒక వైద్యమే, అది చెప్తే మనవాళ్లకి కోపమొస్తుంది, "ఇంత డబ్బు కట్టింది చూస్తూ కూర్చోడానికా" అని. 1997లో ఒక స్టడీలో 3 సెంటీమీటర్లు మించని, పెద్ద నొప్పి లేని, రక్తం పల్చబడే మందు తీసుకోని 147 సూడో అన్యూరిజాల్ని ఏమీ చేయకుండా వదిలి స్కాన్లతో గమనించారు, 86 శాతం వాటంతటవే మూసుకున్నాయి, సగటున 23 రోజుల్లో. కాబట్టి చిన్నది, పెరగట్లేదు, నొప్పి లేదు అంటే ఆగడం తప్పేం కాదు. కాకపోతే నెల్లూరు నుంచి వచ్చినాయనకి వారం వారం స్కానుకి రా అంటే లాడ్జి ఖర్చు ఎవరిస్తారు, అందుకే మా దగ్గర చాలాసార్లు చిన్నవాటిని కూడా మూసి పంపిస్తుంటారు, ఇది వైద్యం లెక్క కాదు, టికెట్ లెక్క.

అసలు చిక్కుముడి ఇంకోచోట ఉంది. స్టెంట్ కొత్తగా వేసినవాళ్లు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటిది ఇంకోటి మింగి తీరాలి, లేకపోతే స్టెంట్ లోపలే గడ్డ కట్టి హార్ట్ ఎటాక్ వస్తుంది. అంటే ఛాతీలో గడ్డ కట్టకూడదు, గజ్జలో గడ్డ కట్టాలి, ఒకే ఒంట్లో, ఒకే రక్తంలో. ఇది చూసి ఇంట్లోవాళ్లు తెలివిగా "ఆ మాత్రలు రెండు రోజులు ఆపేద్దాం, గజ్జ సర్దుకుంటుంది" అని వాళ్లే ఆపేస్తారు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. గజ్జ కోసం స్టెంట్‌ని పణంగా పెట్టకూడదు, ఏ మందు ఆపాలో ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి.

నొక్కే పద్ధతి దెబ్బ తినేది కూడా ఇక్కడే. రకరకాల రిపోర్టుల్లో నొక్కి మూయడం 75 నుంచి 98 శాతం దాకా సక్సెస్ అని ఉంటుంది. ఇంత తేడా ఎందుకంటే పేషెంట్లు ఒక రకం కాదు కాబట్టి. హెపారిన్, వార్ఫరిన్ లాంటివి నడుస్తున్నవాళ్లలో అది బాగా పడిపోతుంది, సంచి పెద్దదైతే, మెడ పొట్టిగా వెడల్పుగా ఉంటే కూడా. అందుకే త్రాంబిన్ వచ్చింది. రక్తం గడ్డకట్టేటప్పుడు మన ఒంట్లోనే పుట్టే పదార్థం అది, రక్తంలో ఉండే ఫైబ్రినోజెన్‌ని పట్టుకుని ఫైబ్రిన్ దారాలుగా మార్చేస్తుంది. 1986లోనే కోప్, జైట్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని నేరుగా సంచిలోకి ఎక్కించి చూశారు, 1997 తర్వాత అల్ట్రాసౌండ్‌లో చూస్తూ ఎక్కించడం ఊపందుకుంది. ఒక మిల్లీలీటరు కూడా అక్కర్లేదు, సన్నటి సూది సంచిలో మెడకి దూరంగా పెట్టి కొద్దికొద్దిగా వదుల్తారు, ఎరుపు నీలం తిరుగుతున్న సంచి మన కళ్ల ముందే కొన్ని సెకన్లలో బూడిద రంగు ముద్దయిపోతుంది. చూసిన ప్రతిసారీ నాకు పాలు తోడు పెట్టినట్టే అనిపిస్తుంది, కాకపోతే రాత్రంతా ఆగక్కర్లేదు. సక్సెస్ 95 శాతం పైమాటే, మందులు వాడుతున్నవాళ్లలో కూడా బాగానే పనిచేస్తుంది. సూది గుచ్చుతారు కాబట్టి నొక్కే పద్ధతి లాగ దీన్ని పూర్తిగా గాయం లేని వైద్యం అనలేం, కానీ ఆపరేషన్‌తో పోలిస్తే ఏం లేదు. పాత రోజుల్లో ఆవు త్రాంబిన్ వాడేవాళ్లు, అది కొందరి ఒంటికి పడేది కాదు, అలెర్జీలు, యాంటీబాడీలు, రెండోసారి ఇస్తే ఇంకా గొడవ. మనిషి రక్తం నుంచి తీసిన త్రాంబిన్ వచ్చాక ఆ బెంగ తగ్గింది.

మరి నొక్కే పద్ధతి పాతబడిపోయినట్టేనా అంటే నేనొప్పుకోను. త్రాంబిన్ వయల్ అర్ధరాత్రి ఫార్మసీలో లేకపోవచ్చు, మెడ మరీ వెడల్పుగా ఉంటే లోపల పోసిన మందు ధమనిలోకి జారే భయం ఉంటుంది, పక్కన సిరతో కూడా కలిసిపోయి ఉంటే త్రాంబిన్ జోలికి వెళ్లరు. అప్పుడు మళ్లీ ఆ ఐదు నిమిషాల డాక్టరమ్మే గతి.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న, "ఆ గడ్డ కట్టిన రక్తం గుండెకి వెళ్తుందా?" వెళ్లదు. ధమనిలో రక్తం గుండె నుంచి కాలి వైపు పోతుంది, ఎదురెక్కదు. ఒకవేళ ముక్క ఊడితే కిందికి, మోకాలు, పాదం వైపు వెళ్తుంది, పాదం చల్లబడి తెల్లబడుతుంది, అది అరుదు గానీ అందుకే పని అయ్యాక పాదం పట్టుకుని పల్స్ చూస్తాం. గుండె వైపు వెళ్లేది సిరల్లో రక్తం, నొక్కుడుకో గడ్డ బరువుకో పక్కనున్న సిరలో గడ్డ కడితే అది వేరే సమస్య, కాలు వాస్తుంది, అదీ స్కాన్‌లో చూస్తారు.

సరే, అసలు ప్రశ్న. మూసుకుంది, ఇంటికొచ్చేశారు, తర్వాత? రిపోర్టుల్లో సక్సెస్ అని రాసే శాతాలు చాలావరకు మర్నాటి స్కాన్ నాటి లెక్కలు, 24 గంటల తర్వాత సంచిలో రంగు తిరగట్లేదు, సక్సెస్. పేషెంటుకి కావాల్సింది ఆ లెక్క కాదు, ఆరు నెలల తర్వాత పొలం గట్టు మీద నడుస్తుంటే ఏమవుతుందన్నది. ఈ జబ్బులో మంచి విషయమేంటంటే ఫెయిల్ అయ్యేది త్వరగానే ఫెయిల్ అవుతుంది. తిరగబెట్టడం అనేది ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లో, మహా అయితే మొదటి వారాల్లోనే, అదీ రక్తం పల్చబడే మందులు గట్టిగా నడుస్తున్నవాళ్లలో ఎక్కువ. అందుకే ఇరవై నాలుగు గంటల స్కాన్ వదలకూడదు, ఆ తర్వాత ఒకటి రెండు వారాలకి ఇంకోటి. అది దాటి మూసుకునే ఉంటే, నెలల తర్వాత ఉన్నట్టుండి తెరుచుకోవడం చాలా అరుదు.

ఎందుకంటే లోపల జరిగే పని అలాంటిది. మొదట చిల్లుకి అడ్డం పడేది ఫైబ్రిన్ ముద్ద, తాత్కాలిక బిరడా. దాంట్లోకి నెమ్మదిగా కణాలు పాకి మచ్చ కణజాలం అల్లుతాయి, ధమని లోపలి వైపు సన్నటి పొర మళ్లీ పరుచుకుంటుంది, బయట సంచిలో ఉన్న గడ్డని ఒళ్లు కొద్దికొద్దిగా తినేస్తుంది. అసలు అన్యూరిజంలో గోడ జబ్బుపడి ఉంటుంది కాబట్టి అది ఏళ్ల తరబడి పెరుగుతూ పోవచ్చు, ఇక్కడ గోడ మిగతా అంతా మామూలే, చిల్లు ఒక్కటే సమస్య, చిల్లు పూడితే పెరగడానికి ఏమీ లేదు.

కాకపోతే గడ్డ వెంటనే మాయమైపోదు. ఇది ముందే చెప్పకపోవడం వల్ల ఎన్ని ఫోన్లు వస్తాయో. కొట్టుకోవడం ఆగిపోతుంది గానీ ఉసిరికాయంత గట్టి ముద్ద వారాలు, ఒక్కోసారి నెలలు ఉండిపోతుంది. నల్లగా కమిలిన రంగు ఆకుపచ్చ, పసుపు అయి తొడ కిందికి మోకాలి దాకా జారుతుంది, "ఇన్ఫెక్షన్ పాకిపోతా ఉందన్నా" అని ఫోటోలు పంపిస్తారు, పాకడం కాదది, కింది వైపు దిగుతోంది అంతే. గడ్డ పెద్దదై పక్క నరాన్ని నొక్కి ఉంటే తొడ ముందు భాగం మొద్దుబారినట్టు ఉండి తగ్గడానికి నెలలు పడుతుంది. భయపడాల్సినవి వేరే, మళ్లీ కొట్టుకోవడం, సైజు పెరగడం, నొప్పి ఒక్కసారిగా ఎక్కువవడం, పైన చర్మం బిగిసి మెరవడం, జ్వరంతో చీము, పాదం చల్లబడటం. వీటిలో ఏది వచ్చినా గూగుల్ కాదు, ఆసుపత్రి. చర్మం చచ్చిపోతున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా, గబగబా పెరుగుతున్నా ఇప్పటికీ కత్తే దిక్కు.

ఇంటికెళ్లాక మనవాళ్లతో ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది, డిశ్చార్జి కాగితంలో "బరువులు ఎత్తకూడదు" అని రాస్తారు, గొంతుకూర్చునే లెట్రిన్ గురించి ఎవరూ రాయరు. తొడ పూర్తిగా మడిచి, ముక్కుతూ కూర్చోవడం కన్నా గజ్జకి పెద్ద పరీక్ష లేదు. మొదటి కొన్ని రోజులు కమోడ్ లేదా ప్లాస్టిక్ కుర్చీ, మలబద్ధకం రాకుండా చూసుకోవడం, దగ్గొస్తే గజ్జ మీద అరచెయ్యి ఆనించి దగ్గడం, కింద బాసిపట్టు వేసి భోంచేయకపోవడం. ఇవి నేను ప్రతి ఒక్కరికీ నోటితో చెప్తా. ఇంకోటి, రెండో స్కాన్‌కి మళ్లీ చెన్నై రానక్కర్లేదు, నెల్లూరులోనో తిరుపతిలోనో డాప్లర్ చేయించుకోవచ్చు, కానీ మొదటి రిపోర్టు చేతిలో ఉండాలి, దాంట్లో సంచి సైజు, మెడ పొడవు, సిరతో కలిసిందా లేదా అన్నవి రాసి ఉండాలి, లేకపోతే అక్కడి డాక్టరు దేంతో పోల్చాలి?

ఇంకో నాలుగేళ్లకి మళ్లీ యాంజియో చేయాల్సొస్తే? మణికట్టు ఉంటే మణికట్టు, కాదంటే రెండో తొడ, తప్పనిసరైతే అదే తొడ, కానీ అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గుచ్చాలి, లోపల మచ్చ ఉంటుంది కాబట్టి. టేబుల్ ఎక్కేముందు "ఈ పక్క ఇదివరకు ఇట్ట అయ్యింది" అని ఒక్క మాట చెప్పండి, ఫైలు మేం చదువుతాం అనుకోకండి, హడావుడిలో చదవం.

స్టడీలు చదివేటప్పుడు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోవాలి. గజ్జ మూసిన పేషెంట్లని ఏళ్ల తరబడి గమనిస్తే వాళ్లలో చనిపోయేవాళ్లు ఉంటారు, ఆ సంఖ్య చూసి "ఇది ఇంత డేంజరా" అనుకుంటారు. వాళ్లు డెబ్బై ఏళ్ల గుండె జబ్బు మనుషులు, షుగరు, కిడ్నీ, అన్నీ ఉంటాయి, పోయేది ఎక్కువగా ఆ జబ్బుల వల్లే, గజ్జ వల్ల కాదు.

గూడూరు పెద్దాయనకి డాక్టరమ్మ నలభై నిమిషాలు నొక్కింది, మూసుకుంది. ఎనిమిది నెలల తర్వాత గుండె చెకప్‌కి వచ్చినప్పుడు నేనే డాప్లర్ రూముకి తీసుకెళ్లా. సంచి జాడ లేదు, ఒక చిన్న బూడిద రంగు మచ్చ, పక్కన ధమని నిండుగా ఎర్రగా. ఆయన స్క్రీన్ వంక చూడనే లేదు, ఒకటే అడిగాడు, అలిపిరి మెట్లు ఎక్కొచ్చా అని. 3550 మెట్లు. డాక్టరమ్మ నా వైపు చూసింది, నేను తమిళంలో చెప్పా, ఆమె నవ్వి "గజ్జ వైపు నుంచి అయితే ఒణ్ణుం ఆగాదు, గుండె వైపు నుంచి ట్రెడ్‌మిల్ చేశాకే" అంది, ఒణ్ణుం ఆగాదు అంటే ఏమీ కాదు అని. ట్రెడ్‌మిల్ గురువారానికి రాశారు.